గ్లాస్గో నోటు లండన్‌లో చెల్లదా?

నాన్నకు ఎనభై రెండేళ్లు. కిందటి వేసవిలో నా దగ్గరికి గ్లాస్గో వచ్చాడు. లండన్ చూపిద్దామని రైలెక్కించాను. యూస్టన్ స్టేషన్‌లో దిగి, రెండు వీధులు నడిచి, ఒక చిన్న టీ దుకాణంలోకి వెళ్లాం. రెండు టీలు, ఒక కేకు ముక్క తీసుకుని ఇరవై పౌండ్ల నోటు ఇచ్చాను. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా వైపే జరిపింది. స్కాట్లండ్ నోట్లు తీసుకోమంది.

"చిరిగిందా బిడ్డా?" అన్నాడు నాన్న.

"లేదు నాన్నా. ఇది స్కాట్లండ్ బ్యాంకు వేసిన నోటు. ఇక్కడ తీసుకోరట."

"దేశం ఒకటే కదా? రాజు కూడా ఒక్కడే కదా?"

కార్డుతో డబ్బు కట్టేశాను. వెనక వరుసలో నలుగురు చూస్తున్నారు. దొంగనోటు ఇస్తూ పట్టుబడినట్టు నా ముఖం వేడెక్కింది. పన్నెండేళ్లుగా గ్లాస్గోలో ఒక మందుల షాపు కౌంటర్‌లో పనిచేస్తున్నాను. అలాంటి నోట్లు రోజూ నా చేతుల మీదుగానే పోతాయి. అయినా ఆ నిమిషంలో నోరు పెగల్లేదు.

రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ 2020లో తెచ్చిన ప్లాస్టిక్ నోటు అది. దాని మీద ఉన్న బొమ్మ కేట్ క్రాన్‌స్టన్‌ది. గ్లాస్గోలో టీ గదులు నడిపి పేరు తెచ్చుకున్న వ్యాపారి ఆమె. 1903లో ఆమె తెరిచిన విల్లో టీ రూమ్స్ భవనం ఇప్పటికీ ఉంది. మర్నాడు తిరుగు రైల్లో నాన్నకు ఆ నోటు చేతికిచ్చి ఈ సంగతి చెప్పాను. వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు.

చూసి, "మేము హాలీ పైసలు తీసుకుని జగ్గయ్యపేట పోతే ఇట్లనే అయ్యేది" అన్నాడు.

నాన్న పుట్టింది కోదాడ దగ్గర పల్లెలో. అప్పుడది నిజాం రాజ్యం. పక్కనే జగ్గయ్యపేట, అది కృష్ణా జిల్లా, ఇంగ్లీషువాళ్ల పాలన. ఇటు మునగాల పరగణా చుట్టూ నిజాం ఊళ్లే ఉన్నా, అదీ కృష్ణా జిల్లా కిందికే వచ్చేది. నిజాం డబ్బును హాలీ సిక్కా అనేవారు, ఇంగ్లీషువాళ్ల డబ్బును కల్దారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలతో సమానం. 1918 నుంచి నిజాం ప్రభుత్వం కాగితం నోట్లు కూడా వేసింది. వాటి మీద తెలుగు అక్షరాలూ ఉండేవి. తాత సంతకు పోయినప్పుడల్లా బేరం మొదలుపెట్టకముందే "హాలీనా, కల్దారా?" అని అడిగేవారట. మార్చుకోవాలంటే వట్టం, అంటే మార్పిడి తరుగు, పోయేది. నిజాం రాజ్యం దేశంలో కలిసిన తర్వాత కూడా హాలీ సిక్కా కొన్నేళ్లు నడిచి, 1959తో పూర్తిగా పోయింది.

నాన్న పోలిక బాగుంది కానీ ఒక్కచోట అతకదు. హాలీకి విలువే వేరు. అక్కడి వ్యాపారి వద్దన్నా, వట్టం పట్టుకున్నా దానికొక లెక్క ఉంది. స్కాట్లండ్ పౌండుకూ ఇంగ్లండ్ పౌండుకూ మధ్య పైసా తేడా లేదు. తీసుకున్న దుకాణదారుకు నష్టమేమీ లేదు. మామూలు డబ్బుతోపాటే దాన్నీ బ్యాంకులో వేసుకోవచ్చు.

స్కాట్లండ్‌లో మూడు బ్యాంకులు నోట్లు వేస్తాయి. బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్, రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్, క్లైడ్స్‌డేల్ బ్యాంక్. ఉత్తర ఐర్లండ్‌లోనూ ఇలాంటి బ్యాంకులు ఉన్నాయి. ఇంగ్లండ్‌లో కూడా ఒకప్పుడు ప్రైవేటు బ్యాంకులు నోట్లు వేసేవి. 1844 చట్టం కొత్తవాటికి దారి మూసేసింది, ఆఖరిది 1921లో ఆగిపోయింది. స్కాట్లండ్‌లో ఆగకపోవడానికి ఒక రచయిత కూడా కారణం. 1825లో బ్యాంకులు కూలాక, అయిదు పౌండ్ల కంటే చిన్న నోట్లన్నీ రద్దు చేయాలని లండన్ ప్రభుత్వం తలపెట్టింది. 1826లో వాల్టర్ స్కాట్ మారుపేరుతో ఎడిన్‌బరో పత్రికలో ఘాటైన లేఖలు రాశాడు. బంగారం తక్కువగా ఉన్న తమ నేలలో చిన్న నోటు పోతే వ్యాపారమే ఆగిపోతుందని వాదించాడు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ నోట్ల మీద ఈనాటికీ స్కాట్ బొమ్మ ఉండేది అందుకే.

బ్యాంకు మునిగితే ఈ నోటు గతేమిటి అని నాన్న అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. ఈ బ్యాంకులు బయట తిరిగే తమ నోట్లకు సరిపడా ఆస్తిని వేరుగా పెట్టి ఉంచాలని చట్టం. అందులో చాలా భాగం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దగ్గరే ఉంటుంది. అందుకోసం ఆ బ్యాంకు బయటికి రాని ప్రత్యేక నోట్లు వేస్తుంది. జెయింట్ అనే నోటు విలువ పది లక్షల పౌండ్లు, టైటన్ విలువ పది కోట్ల పౌండ్లు. అంటే నా చేతిలోని క్రాన్‌స్టన్ నోటు వెనక ఇంగ్లండ్ సొమ్మే కాపలా ఉంది.

మరి దుకాణదారు కాదనవచ్చా? కాదనవచ్చు. గ్లాస్గోలో మా తోటివాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. "ఇది లీగల్ టెండర్, తీసుకుని తీరాలి" అని వాదనకు దిగుతారు. లీగల్ టెండర్ అన్నది చాలా ఇరుకైన మాట. అప్పు తీర్చడానికి ఆ రకం డబ్బును కోర్టులో జమచేస్తే, డబ్బు కట్టలేదని మీ మీద దావా నడవదు. దాని అర్థం అంతే. టీ కొనబోయేటప్పుడు ఇంకా అప్పే పడలేదు. ఏ డబ్బు తీసుకోవాలో అమ్మేవాడి ఇష్టం. ఇంకో విషయం చెబితే ఎవరూ నమ్మరు. స్కాట్లండ్ నోట్లు స్కాట్లండ్‌లోనే లీగల్ టెండర్ కావు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోట్లు కూడా ఇంగ్లండ్, వేల్స్‌లలోనే లీగల్ టెండర్, స్కాట్లండ్‌లో కావు. ఇక్కడ ఆ హోదా నాణేలకే ఉంది. అయినా గ్లాస్గోలో రెండు రకాల నోట్లూ అందరూ మారుమాట లేకుండా తీసుకుంటారు. ఎందుకంటే ఇక్కడివాళ్లకు రెండూ కళ్లకు అలవాటే.

అసలు విషయం ఆ అలవాటే. ఆ టీ దుకాణం అమ్మాయిని నేను తప్పుపట్టను. మూడు బ్యాంకులు, ఒక్కోదానికి వేర్వేరు విలువల నోట్లు, రకరకాల బొమ్మలు. పైగా పాత కాగితం ఇరవై, యాభై పౌండ్ల నోట్లు 2022లో ఆగిపోయాయి. దొంగనోటు తీసుకుంటే యజమాని ఏమంటాడోనని భయం. నా కౌంటర్‌లో ఉత్తర ఐర్లండ్ నోటు మొదటిసారి కనబడ్డప్పుడు నా చేయి కూడా ఆగింది. మా మేనేజరు పక్కకు వచ్చి, పారదర్శకమైన కిటికీ ఎక్కడుందో, అచ్చు చేతికి ఎక్కడ గరుకుగా తగలాలో చూపించింది. రెండు నిమిషాల పని. నేర్పవలసిన యజమానులు ఆ రెండు నిమిషాలు పెట్టకుండా "తీసుకోవద్దు" అని చెప్పి వదిలేయడమే నాకు తప్పుగా తోస్తుంది. కార్డు ఉంది కాబట్టి నేను బయటపడ్డాను. పింఛను నోట్లుగా తీసుకుని బతికే ముసలివాళ్లకు, బ్యాంకు ఖాతా ఇంకా తెరుచుకోని కొత్త విద్యార్థికి ఆ పూట టీ ఉండదు.

నాన్నతో ఇంకో మాట కూడా అన్నాను. మన ఊళ్లో పది రూపాయల నాణేన్ని కిరాణా కొట్టువాళ్లు వద్దనలేదా? మన దేశంలో చట్టం చాలా స్పష్టంగా ఉంది. పద్నాలుగు రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించింది. అయినా ఎవరో పుట్టించిన పుకారు ముందు ఆ ప్రకటన నిలవలేదు. నాన్న డబ్బాలో అలాంటి నాణేలు ఇప్పటికీ పడి ఉన్నాయి. ఆటోవాడు తీసుకోడని బయటికి తీయడు.

ఇంగ్లండ్‌లో చదువుకుంటూ దుకాణాల కౌంటర్లలో పనిచేసే మన పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఒక మాట. స్కాట్లండ్ నోటు కనబడితే వెనక్కి నెట్టకండి. వెలుతురుకు ఎత్తి చూడండి, వేలితో తడమండి, అనుమానం వస్తే మేనేజరును పిలవండి. బాగుంటే గల్లాలో వేసి చిల్లర ఇవ్వండి. గ్లాస్గో నుంచి ఇంటికి బయల్దేరేవాళ్లు మాత్రం ముందే ఇంగ్లండ్ నోట్లు తీసుకెళ్లండి. హైదరాబాద్‌లో డబ్బు మార్చేచోట నా స్కాట్లండ్ నోట్లు రెండుసార్లు వెనక్కి వచ్చాయి.