తాళంచెవి బీరువాలో ఉంది

మా అన్నయ్య గడిచిన కార్తీకమాసంలో కాలం చేశాడు. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన దగ్గర్నుంచి ఆయనకు ఒకే ఒక వ్యసనం ఉండేది. పొద్దున్నే కాఫీ తాగి కంప్యూటరు ముందు కూర్చుంటే, వదిన రెండుసార్లు కేకేస్తే గాని భోజనానికి లేచేవాడు కాదు. ఏం రాస్తున్నావన్నయ్యా అంటే, “మనవాళ్ళ కథ” అనేవాడు. మా తాతగారు కృష్ణ దాటి ఈవలికి వచ్చిన నాటి నుంచి, తెలిసినవాళ్ళనల్లా అడిగి, రోజుకో పేజీ చొప్పున టైపు చేశాడు. ఇంట్లో ఉన్న పాత ఫోటోలన్నీ స్కాను చేశాడు. పొలం దస్తావేజుల నకళ్ళు కూడా అందులోనే పెట్టానని ఒకసారి నాతో అన్నాడు.

మాఘమాసంలో నేనూ మావారూ తెనాలి వెళ్ళాం. ఆ సాయంత్రం వదిన మెల్లిగా అడిగింది: “అమ్మాయీ, ఆయన రాసింది ఒకసారి చదివి వినిపిస్తావా?”

అదెంత పని అనుకున్నాను. కంప్యూటరు తెరిచాను. వదినకు ప్రవచనాలు వినడానికి అన్నయ్య ఆమె పేరున వేరే ఖాతా పెట్టాడు. అది తేలిగ్గానే తెరుచుకుంది. అందులోంచి అన్నయ్య ఫోల్డరు నొక్కితే, ‘మీకు అనుమతి లేదు’ అన్నది. కొనసాగించమని నొక్కితే, అడ్మినిస్ట్రేటరు పిన్నో, పాస్‌వర్డో ఇమ్మన్నది. ఆ అడ్మినిస్ట్రేటరు పేరు కింద చూస్తే ఉన్నది మా అన్నయ్య పేరే!

ఇక్కడ కాస్త వివరం చెప్పాలి. విండోస్ కంప్యూటర్లో ఖాతాలు రెండు రకాలు. అడ్మినిస్ట్రేటరంటే ఇంటి యజమాని వంటివాడు. రెండోది స్టాండర్డ్ ఖాతా, అంటే అద్దెకున్నవాడు. అద్దెకున్నవాడు తన గదిలో వండుకోవచ్చు, పడుకోవచ్చు. గోడ పగలగొట్టాలన్నా, పక్క గది తాళం తీయాలన్నా యజమాని రావాలి. ఇంటిల్లిపాదికీ ఒకే యజమాని ఉండి, ఆ యజమాని మరి రాని చోటుకు వెళ్ళిపోతే ఏమిటి గతి?

మావారు ఊరుకోలేదు. ఆయన ఆఫీసులో కంప్యూటర్లు చూసిన మనిషి. “దీనికో దొడ్డిదారి ఉందిలే, అక్కయ్యగారూ! సేఫ్ మోడులో తెరిస్తే అడ్మినిస్ట్రేటరని ఒక పేరు కనబడుతుంది. దానికి పాస్‌వర్డే ఉండదు” అన్నారు. అది 2001లో వచ్చిన ఎక్స్‌పీ నాటి మాట. అప్పట్లో చాలా ఇళ్ళల్లో ఆ తలుపు గడియ లేకుండానే ఉండేది, నిజమే. కాని 2007లో వచ్చిన విస్టా నుంచి ఆ ఖాతాను ముందుగానే మూసేసి ఇస్తున్నారు. అన్నయ్యది విండోస్ 11. మావారు గంటసేపు కుస్తీ పట్టగా చివరికి ఒక నీలం తెర వచ్చి, నలభై ఎనిమిది అంకెల తాళంసంఖ్య చెప్పమన్నది. మావారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, “భోజనాలు చేద్దామా?” అన్నారు.

మర్నాడు బజార్లో ఒక రిపేరు షాపుకు తీసుకెళ్ళాం. షాపతను, “డిస్కు ఊడదీసి వేరే మిషనుకు తగిలిస్తే ఫైళ్ళన్నీ వచ్చేస్తాయమ్మా” అన్నాడు. తగిలించాడు. అక్కడా ఆ నలభై ఎనిమిది అంకెలే అడిగింది. అప్పుడతను డిస్కు మళ్ళీ బిగించి, తేలిగ్గా ఒక మాటన్నాడు: “ఫార్మాట్ కొట్టేద్దామమ్మా. అరపూట పని. కొత్తదానిలా అయిపోతుంది.”

కొత్తదానిలా అవుతుంది, సందేహం లేదు. అన్నయ్య రాసిన ప్రతి అక్షరం కూడా పోతుంది. వదిన ఏమీ అనలేదు; కంప్యూటరు మీద చెయ్యి వేసి నిలబడింది. నేను డబ్బిచ్చి దాన్ని ఇంటికి తెచ్చేశాను. ఈ ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అనే మాట ఎంత సులువుగా అంటారో చూడండి! ఇల్లు తాళం పడిందంటే ఇల్లు కూల్చి మళ్ళీ కడతానన్నట్టు.

ఆ వీధిలోనే ఇంజనీరింగు చదువుతున్న కుర్రవాడొకడున్నాడు. అన్నయ్య దగ్గర లెక్కలు చెప్పించుకున్నవాడు. పిలిస్తే వచ్చాడు. కూర్చుంటూనే అతనడిగిన మొదటి ప్రశ్న నాకు నచ్చింది.

“మామ్మగారూ, మాస్టారి ఖాతా తెరవడం మీకూ, మీ అబ్బాయిగారికీ సమ్మతమేనా?”

పూనాలో ఉన్న మా మేనల్లుడికి ఫోను చేసి అడిగించి, అతను సరేనన్నాకే కుర్రవాడు కంప్యూటరు ముట్టుకున్నాడు. కంపెనీవారికి రాసుకోవచ్చు గదా అని నేనన్నాను. పోయినవారి ఖాతాలో సంగతులు వారు అడగ్గానే ఇవ్వరనీ, కోర్టు ఉత్తర్వుల దాకా పోవలసి వస్తుందనీ చెప్పాడు. అది సబబే. ప్రతివాడూ వెళ్ళి నేను ఫలానావారి తమ్ముణ్ణంటే ఇచ్చేస్తారా మరి?

అతను చెప్పిన దాన్ని బట్టి నాకు అర్థమైందేమంటే, ముందు తేల్చుకోవలసింది ఖాతా ఎక్కడిదన్నది. ఆ కంప్యూటరు వరకే ఉండే లోకల్ ఖాతా అయితే తాళంచెవి ఆ కంప్యూటరు దాటి ఇంకెక్కడా ఉండదు. ముందుగా రిసెట్ డిస్కు చేసి పెట్టుకుని ఉండాలి. లేదా ఖాతా పెట్టేటప్పుడు రాసిన రహస్య ప్రశ్నలకు జవాబులు తెలిసి ఉండాలి. ఈ ప్రశ్నల పద్ధతి విండోస్ 10లో 2018లో వచ్చింది. ఇంట్లో ఇంకో యజమాని ఖాతా ఉంటే అతను మార్చవచ్చు గాని, అలా బయటినుంచి మారిస్తే ఆ ఖాతాలోవాళ్ళు విండోస్‌లోనే విడిగా గుప్తం చేసుకున్న ఫైళ్ళు మరి తెరుచుకోవు. మైక్రోసాఫ్ట్ ఖాతా అయితే వేరు. దాని పాస్‌వర్డు ఈ కంప్యూటర్లో కాదు, వారి దగ్గర ఉంటుంది. మరే ఫోను నుంచయినా మార్చుకోవచ్చు.

కుర్రవాడు అన్నయ్య పేరు మీద నొక్కి, ‘పిన్ మరిచిపోయాను’ అన్నదాన్ని నొక్కాడు. అన్నయ్య ఈమెయిలు చిరునామా కనబడింది. “బతికాం, మామ్మగారూ! ఇది మైక్రోసాఫ్ట్ ఖాతా” అన్నాడు. ఆ నీలం తెర అడిగిన నలభై ఎనిమిది అంకెలు కూడా మామూలుగా ఆ ఖాతాలోనే భద్రమై ఉంటాయట. డిస్కంతా గుప్తలిపిలో ఉంటుంది గనకనే షాపతనికి లొంగలేదు. దొంగ ఎత్తుకుపోయినా లొంగదు. మంచిదేగాని, మనకే లొంగకపోతేనే చిక్కు.

ఇంతలో ఇంకో గడప వచ్చింది. కొత్త పాస్‌వర్డు పెట్టాలంటే ఒక సంకేతసంఖ్య అన్నయ్య ఫోనుకు పంపుతామన్నది. చివరి రెండంకెలు చూపించింది. ఆ నంబరు ఉందా?

ఇక్కడ వదిన సంగతి చెప్పాలి. అన్నయ్య పోయిన నెలలోనే మా మేనల్లుడు, “నాన్నగారి నంబరు తీసేయిద్దామమ్మా, నెలనెలా రీచార్జి దండుగ” అన్నాడు. వదిన ఒప్పుకోలేదు. గ్యాసువాళ్ళ కబురూ, బ్యాంకువాళ్ళ కబురూ దానికే వస్తాయన్నది. అసలు కారణం అది కాదని మా అందరికీ తెలుసు. రోజూ రాత్రి ఆ ఫోనుకు చార్జింగు పెట్టి, పొద్దున్నే బీరువాలో అన్నయ్య ఉత్తరీయాల పక్కన పెట్టేది. మేము వెనక నవ్వుకున్నాం కూడా. నంబరు తీసేయించి ఉంటే అది కొన్నాళ్ళకు వేరే ఎవరి చేతికో పోయేది. ఈ సంకేతసంఖ్య వాళ్ళకు వెళ్ళేది.

వదిన బీరువా తీసి ఫోను తెచ్చింది. దానికీ తాళం ఉంది, అదీ ఎవరికీ తెలియదు! కుర్రవాడు నవ్వి, “ఫోనుకు తాళం ఉంది గాని సిమ్ముకు లేదు లెండి” అని, సిమ్ము తీసి వదిన ఫోన్లో రెండో గదిలో పెట్టాడు. నంబరు చివరి నాలుగంకెలు అడిగితే వదిన చూడకుండా చెప్పింది. రెండు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. టింగుమని మోగింది.

మిగతాది త్వరగా అయిపోయింది. కొత్త పాస్‌వర్డు, దాని వెనక కొత్త పిన్ను. అన్నయ్య ఖాతా తెరుచుకుంది. కుర్రవాడు ఫైళ్ళేవీ తెరవలేదు. ముందు ఆ నలభై ఎనిమిది అంకెలు ఖాతాలోంచి తీసి, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది వరసలు కాగితం మీద నా చేత రాయించాడు. నీలం తెర మీద కనబడే గుర్తుతో అది సరిపోయిందో లేదో చూశాడు. తర్వాత సెట్టింగ్సులో అకౌంట్స్ అన్న చోటికి వెళ్ళి, వదిన ఖాతా రకం మార్చి ఆమెను కూడా అడ్మినిస్ట్రేటరును చేశాడు. ఆఖరున అన్నయ్య ఫోల్డరంతా ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఆమె చేతికిచ్చాడు. సిమ్ము సంగతి మాత్రం, ఎన్నాళ్ళో ఇలా ఉంచుకోకుండా దుకాణానికి వెళ్ళి మరణపత్రం చూపించి మీ పేరుకు మార్పించుకోండని చెప్పాడు. డబ్బివ్వబోతే, మాస్టారు నా దగ్గర తీసుకున్నారా అన్నాడు.

మేనల్లుడికి దస్తావేజుల నకళ్ళు ఆ రాత్రే పంపాం. ‘మనవాళ్ళ కథ’ నూటపదకొండు పేజీలుంది. వదిన కళ్ళజోడు పెట్టుకుని నా పక్కన కుర్చీ లాక్కుంది. నేను చదివాను. మా తాతగారి గేదెల బేరం దగ్గర ఆమె నవ్వింది. ఆఖరి పేజీ నా పెళ్ళి. మగపెళ్ళివారు బస్సు దిగడం, విడిదింట్లో పానకం, సన్నాయి మేళం. మేళగాడి పేరు దగ్గర వాక్యం ఆగిపోయింది.

“ఆ సన్నాయాయన పేరేమిటే? నీకు జ్ఞాపకముందా?” అంది వదిన.

నాకు లేదు. మావారిని లేపి అడిగాం. ఆయనకు ఉంది.

వదిన మౌసు పక్కకు జరిపి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ పేరు టైపు చేయడం మొదలుపెట్టింది.