ఒక్కడు మోయగల పడవ

తెల్లవారకముందే కృష్ణ ఒడ్డున నిలిచి చూచువారికి ఒక్కొక్కప్పుడు ఒక వింత కనిపించును. పెద్ద తాబేలొకటి రెండు కాళ్ళమీద నడచి వచ్చుచున్నట్లుండును. దగ్గరకు వచ్చిన పిదపగాని అది తాబేలు కాదనియు, పుట్టిని బోర్లించి నెత్తిన వేసికొన్న జాలరి అనియు తెలియదు. అతడు నీటి అంచున పుట్టిని దింపి, వెల్లకిల వేసి, వలనూ తెడ్డునూ అందులో ఉంచి, మెల్లగా కాలుపెట్టి మధ్యకు చేరి కూర్చుండును. అతనికి తోడు ఎవ్వరును ఉండరు. పని ముగిసిన తరువాత పుట్టిని మరల నెత్తికెత్తుకొని ఇల్లు చేరును.

ఒంటరిగా చేపలు పట్టువాని పడవకు రెండు విరుద్ధమైన గుణములు కావలెను. నీటిమీద అది స్థిరముగా నిలువవలెను. అందుకు వెడల్పుగా ఉండుట మేలు. నేలమీద అది తేలికగా ఉండవలెను. ఎందుకనగా దానిని ఎత్తవలసినవాడు ఒక్కడే. ఇద్దరున్నచో 100 కిలోల పడవనైనను ఇసుకమీద ఈడ్చుకొని పోగలరు. ఒక్కనికి 30 కిలోలు దాటిన పడవతో మైలు దూరము నడచుట కష్టము. ఇంకొక సంగతి. ఇద్దరున్న పడవనుండి ఒకడు జారిపడినచో రెండవవాడు చేయి అందించును. ఒంటరివానికి చేయి అందించవలసినది పడవయే. కనుక ఈ ఎంపిక చూచుటకు చిన్నదైనను ప్రాణముతో ముడిపడిన లెక్క.

పుట్టి మన నదులకు మాత్రమే చెందినది కాదు. క్రీ. పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు, యూఫ్రటీసు నదిలో బాబిలోను నగరమునకు వచ్చు గుండ్రని తోలుపడవలను వర్ణించెను. ప్రతి పడవలోను ఒక గాడిద ఉండెడిదట. సరకు అమ్ముడుపోయిన పిదప పడవ చట్రమును కూడ అమ్మివేసి, తోళ్ళను గాడిదమీద వేసికొని వర్తకులు నేలదారిని తిరిగిపోయెడివారు. ప్రవాహమునకు ఎదురుగా ఆ పడవ సాగదు గదా! క్రీ. పూ. 49లో స్పెయిను దేశమున ఒక నదిని దాటవలసి వచ్చినపుడు జూలియసు సీజరు, తాను బ్రిటనులో చూచిన మాదిరి తోలుపడవలను చేయించి, బండ్లమీద రాత్రికి రాత్రి తరలించెను. సుమారు 1520లో విజయనగరమును దర్శించిన పోర్చుగీసువాడు డొమింగో పేయిస్, తుంగభద్రమీది బుట్టపడవలు ఎప్పుడును గిరగిర తిరుగుచుండుననియు, ఇతర పడవలవలె తిన్నగా పోజాలవనియు వ్రాసెను. వేల్సు దేశమున టెయ్వి నదిమీద సాల్మను చేపలను పట్టు జాలరులు 15 కిలోల మాత్రము తూగు ఇట్టి పడవను పట్టెతో భుజములకు తగిలించుకొని ఒడ్డు వెంట నడచెడివారు. ఇంత దూరదూరపు నదులమీద ఒకే రూపము వెలసినదన్నచో అందుకు కారణము ఉండి తీరవలెను.

ఆ కారణము ఆర్కిమిడీసు సూత్రములోనే కలదు. తేలు వస్తువు తన బరువుకు సమానమైన బరువుగల నీటిని తొలగించును. లెక్క కొరకు 180 సెంటీమీటర్ల వ్యాసము, 40 సెంటీమీటర్ల ఎత్తు, చదునైన అడుగు గల పుట్టిని తీసికొందము. దాని అడుగు వైశాల్యము సుమారు రెండున్నర చదరపు మీటర్లు. అది ఒక్క సెంటీమీటరు లోతు దిగినచో సుమారు 25 లీటర్ల నీరు, అనగా 25 కిలోలు, తొలగిపోవును. పుట్టి 30 కిలోలు, మనిషి 60, వలయును తెడ్డును కలిసి 10. మొత్తము 100 కిలోలు. కనుక పుట్టి మునుగునది నాలుగు సెంటీమీటర్లే! మోకాలి లోతు నీటిలోను, రాళ్ళు తేలిన రేవులలోను అది జారిపోవుటకు ఇదియే రహస్యము. అటుపిమ్మట 25 కిలోల చేపలు పడినను మరి ఒక్క సెంటీమీటరు మాత్రమే దిగును. వెదురు బద్దల అల్లికమీద పూర్వము పశువుల తోలు తొడిగెడివారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టానో, తారు పూసిన గుడ్డనో తొడుగుచున్నారు. ఇంత తక్కువ సరకుతో ఇంత వైశాల్యమును కప్పు ఆకారము వృత్తము తప్ప వేరొకటి లేదు. తేలికదనము అక్కడినుండియే వచ్చినది.

బరువును మోయుట ఒక ఎత్తు, ఒరగకుండుట ఒక ఎత్తు. జాలరి మధ్యనుండి ఒక ప్రక్కకు జరిగినచో ఆ ప్రక్క దిగును, ఎదుటి ప్రక్క లేచును. చదునైన గుండ్రని అడుగునకు ఇక్కడ ఒక హద్దు కలదు. పడవ, మనిషి, సరకు అన్నిటి ఉమ్మడి గరిమనాభి, మధ్యనుండి వ్యాసార్ధములో నాలుగవ వంతు దాటి జరిగినచో, ఎదుటి అంచు నీటినుండి పైకి తేలుట మొదలగును. మన పుట్టిలో ఆ నాలుగవ వంతు ఇరువదిరెండున్నర సెంటీమీటర్లు. మొత్తము 100 కిలోలలో మనిషి బరువు 60 గనుక, అతడు సుమారు 37 సెంటీమీటర్లవరకు జరుగవచ్చును. అప్పటికి అతని ప్రక్క ఎనిమిది సెంటీమీటర్లు మునిగియుండును, భయము లేదు. అది దాటిన పిదప నీటిని తాకు వైశాల్యము తగ్గిపోవుచుండును. అటుమీద జరిగిన ప్రతి అంగుళమునకు ఒరుగుట వెనుకటికంటె ఎక్కువగును. పుట్టి తిరుగబడుటకు ముందు చాలసేపు ఎంతో నమ్మకముగా తోచి, ఉన్నట్లుండి మోసగించుటకు హేతువిదే.

ఇక 20 కిలోల తడివలను అంచుమీదుగా లాగుచున్నాడనుకొందము. ఆ 20 కిలోలు మధ్యకు 90 సెంటీమీటర్ల దూరమున అంచును అదుముచున్నవి. ఇప్పుడు మొత్తము 120 కిలోలు. లెక్క వేసినచో, ఎదుటి అంచు లేవకుండుటకు జాలరి మధ్యనుండి 15 సెంటీమీటర్లకు మించి ఆ ప్రక్కకు జరుగరాదని తేలును. కనుక మోకాళ్ళమీద కూర్చొని, చేతులు చాచి, కొద్దికొద్దిగా లాగవలెనే గాని అంచుమీదికి వ్రాలరాదు. అనుభవజ్ఞులైన జాలరులు ఈ లెక్క వేయకయే దీనిని పాటించుచుందురు. నీటిలో పడువారు ఎక్కువగా కొత్తవారు, తొందరపడువారు.

గిరగిర తిరుగు గుణమునకు విరుగుడు తెడ్డు వేయు తీరులో కలదు. పొడవైన పడవకు ప్రక్కన తెడ్డు వేసినచో అది తిన్నగా సాగును, ఎందుకనగా దాని పొడవే ప్రక్క తిరుగుటను అడ్డగించును. పుట్టికి అట్టి అడ్డు లేదు. అందుచే దానిని నడుపువాడు ప్రక్కన గాక ఎదుట నీటిలో తెడ్డును 8 అంకె ఆకారముగా త్రిప్పుచు, నీటిని తనవైపు లాగుకొనును. ఇది నేర్చుకొనుటకు ఓపిక కావలెను.

పుట్టికి గాలి శత్రువు. నది పొడవున సన్నని పాయలుగా పారిన కాలములో గాలికి పెద్ద కెరటములను లేపుటకు చోటు చాలెడిది కాదు. కెరటము ఎత్తు గాలి వేగముమీదనే గాక, ఆ గాలి ఎంతసేపు వీచినది, ఎంత దూరము నీటిమీద సాగివచ్చినది అను వాటిమీద కూడ ఆధారపడును. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమువంటి ఆనకట్టల వెనుక నది సరస్సుగా మారినది. నదికొరకు పుట్టిన పుట్టియే ఆ సరస్సుమీదికిని పోయినది. కిలోమీటర్ల కొలది సాగివచ్చు గాలిలో అడుగున పట్టులేని పుట్టి ఎండుటాకువలె కొట్టుకొనిపోవును. జలాశయమున ఒంటరి జాలరి ఒడ్డును విడువక తిరుగుట, మబ్బు కమ్మినపుడు ముందే వెనుకకు మరలుట పిరికితనము కాదు.

కొల్లేటి జాలరికి తాటిదోనె ఉన్నది. తాటిమాను పైభాగము గట్టి, లోపలి గుజ్జు మెత్తన. ఆ గుజ్జును తొలిచివేసినచో దోనె సిద్ధమగును. సన్నగా, పొడవుగా ఉండుటచే గడ్డి, తూడు అల్లుకొన్న నీటిలో గడకర్రతో పొడిచినంతనే ముందుకు పోవును. దోనెకు లోపము దాని వెడల్పులోనే ఉన్నది. ఒరగకుండ నిలుచు శక్తి నీటిమట్టమువద్ద వెడల్పు యొక్క ఘనమును అనుసరించును: వెడల్పు రెట్టింపైనచో ఆ శక్తి ఎనిమిది రెట్లు. సన్నని దోనెలో అలవాటులేనివాడు అటూ ఇటూ చూచిన చాలును, నీటిలో ఉండును. దీనికి మనవారు కనిపెట్టిన ఉపాయము సంగడి. రెండు దోనెలను ఎడముగా ఉంచి వాసములతో బిగించుదురు. ఐదు మీటర్ల పొడవు, 35 సెంటీమీటర్ల వెడల్పుగల రెండు దోనెలను, ఒకదాని మధ్యనుండి రెండవదాని మధ్యకు ఒక మీటరు ఎడముండునట్లు కట్టినచో, నీటిమట్టపు ఆకారమునుండి వచ్చు ఆ శక్తి ఒక్క దోనెకంటె సుమారు 50 రెట్లగును. రెండు వస్తువులు కలిసినచో రెండు రెట్లే కదాయని అనుకొను విద్యార్థి ఇక్కడ కొంచెము ఆగి ఆలోచించవలెను. అయితే సంగడిని నెత్తికెత్తుకొనువాడు లేడు. ఇంటిముందరే నీరున్నవానికి ఆ అవసరమును లేదు.

సముద్రతీరపు తెప్పకు లోపల బోలు అనునది లేదు. కనుక అందులో నీరు నిండుట అనునదియు లేదు. కెరటము పైనుండి దూకి క్రిందికి కారిపోవును. దాని బలహీనత వేరొకచోట ఉన్నది. నీటిలో సగము సాంద్రతగల కొయ్యతో 120 కిలోల తెప్ప కట్టినచో దాని ఘనపరిమాణము 240 లీటర్లు. పూర్తిగా మునుగువరకు అది మరి 120 కిలోలు మోయును. అదే కొయ్య నీరు పీల్చి 180 కిలోలైనదనుకొందము. ఇక మోయునది 60 కిలోలే, అనగా మనిషి మాత్రమే. వలకు, చేపలకు చోటు లేదు. ఒడ్డు చేరిన జాలరులు తెప్పకట్లు విప్పి దుంగలను ఎండబెట్టుట మోయు సులువునకు మాత్రమే కాదు. అది మరునాటి ప్రాణరక్షణ కూడ.

ఈ కాలమున చెరువులమీద మోటారు చక్రపు ట్యూబు, థర్మాకోల్ తెప్ప కూడ తరచుగా కనిపించును. ఒక ఘనపు అడుగు థర్మాకోల్ సుమారు 27 కిలోలను మోయును, తాను అరకిలో మాత్రమే తూగును. చేతిలో పట్టుకొని పోవచ్చును. కాని అది పెళుసు. పెట్రోలు తగిలినచో కరిగిపోవును. రాలిన పూసలు చెరువులో చెదరి, చేపల నోట పడును. ట్యూబునకు ఒక్క ముల్లు చాలును. గాలి నింపు రబ్బరు పడవలలో గాలి ఒకే అరలో గాక రెండు మూడు వేరువేరు అరలలో ఉన్నది మంచిది. గట్టి ప్లాస్టిక్కుతోను, గాజునారతోను చేసిన చిన్న పడవలు తారు పూతను కోరవు, కుళ్ళవు, వెల ఎక్కువ.

ఏ పడవనైనను కొనుటకు ముందు ఒడ్డునుండి నడుము లోతు నీటిలో ఒక పరీక్ష చేయవచ్చును. పడవను కావలెననియే నీటితో నింపి, మునుగనిచ్చి చూడవలెను. వెదురు పుట్టి పూర్తిగా అడుగంటదు గాని, దానిలో మిగులు తేలుడు తక్కువ. మూత గట్టిగా బిగించిన 20 లీటర్ల ఖాళీ డబ్బాలు రెండు లోపల ఎదురెదురు అంచులకు కట్టినచో సుమారు 38 కిలోల తేలుడు చేరును. మనిషి శరీరపు సాంద్రత నీటికి ఇంచుమించు సమానము. మెడవరకు మునిగి పట్టుకొన్నవానిని నిలుపుటకు కొద్ది కిలోల ఆధారము చాలును. కాని నిండిన పుట్టిలోనికి ఒంటరిగా ఎగబ్రాకవలెనని చూచినచో అది అతనిపై బోర్లపడును. అంచును వదలక పట్టుకొని, కాళ్ళతో ఈదుచు, ఒడ్డువైపు నెట్టుకొని పోవలెను. తేలుచొక్కా తొడిగియుండి, పగటి వెలుగులో, ఒడ్డున ఒకరిని నిలిపి ఈ అభ్యాసమును రెండుమూడు మారులు చేసినవానికి ఆ పడవ మోయగలిగినదెంతయో, మోయలేనిదెంతయో చేతులకే తెలియును.