మెట్ట రేగడి – మురుగు దారి

పల్లపు మాగాణిలో నీరు నిలుచుట యెల్లరు నెఱిగిన విషయమే. మెట్టపొలమున నీరు నిలుచునన్నచో పట్టణవాసులకు నమ్మశక్యము గాకుండవచ్చును. మెట్ట యనగా నీరెఱుగని నేల యనియు, దాని కొఱతయంతయు వానలేమియే యనియు సామాన్యాభిప్రాయము. కాని నల్లరేగడి మెట్టలను సాగుచేయు కర్షకుని యనుభవము వేఱు. ఒకే యేట ఒకే చేనిలో నాతని పైరు శ్రావణమున ముంపుచేతను, మార్గశిరమున బెట్టచేతను జెడుట కలదు. ఒకే నేలకు నతివృష్టియు ననావృష్టియు నొక్కటిగా హానిచేయుట కాకతాళీయము గాదు. దాని కారణము నేల పొరలయందే యున్నది. ఆ పొరలను దెలియక మెట్ట సేద్యమును బాగుచేయ నెంచుట పునాది జూడక మిద్దె గట్టుట వంటిదని మా యభిప్రాయము.

నంద్యాల, కర్నూలు, ప్రకాశము, పల్నాడు, గుంటూరు సీమలందును, కడప, అనంతపురము జిల్లాల కొన్ని భాగములందును, తెలంగాణమున ఆదిలాబాదు, సంగారెడ్డి, వికారాబాదు ప్రాంతములందును నీ నేలలు గలవు. మహారాష్ట్రము, మాళవము మొదలగు దేశములందు నింకను విస్తారముగ వ్యాపించి యున్నవి. రేగడి యను మన తెలుగు మాటయే ‘రెగూర్’ అని రూపాంతరము నొంది ఇంగ్లీషు భూగర్భశాస్త్ర గ్రంథములలో జేరినది. 1960లో అమెరికా మృత్తికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన వర్గీకరణమున నిట్టి నేలలకు ‘వెర్టిసోల్’ అను పేరు పెట్టిరి. తిరుగుట యను నర్థముగల లాటిను ధాతువునుండి యీ పేరు పుట్టినది. తనలో దానే తిరుగబడు నేల యని భావము. ఈ పేరెంత తగియున్నదో గోయి త్రవ్వి చూచినవారికి దెలియగలదు.

సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమిపై ప్రవహించి గడ్డకట్టిన లావా శిలలు శిథిలమై యీ నేలలలో నధికభాగ మేర్పడినది. సున్నపురాతి ప్రదేశములందును, నీరు చేరు పల్లపు వాలులందును ఇతర శిలలనుండియు రేగడి పుట్టినది. ఈ మట్టిలో నూటికి ఏబది, అఱువది పాళ్లు అతి సూక్ష్మమైన బంకమన్ను. ఆ బంకమన్నులో మాంట్‌మోరిలోనైట్ జాతి ఖనిజము మెండు. ఈ ఖనిజము పుస్తకపు పుటలవలె పలుచని రేకుల దొంతర. తడి తగిలిన వెంటనే రేకుల నడుమ నీరు చొచ్చి దొంతర యుబ్బును. ఎండినప్పుడు నీరు పోయి ముడుచుకొనును. రేగడి గుణములన్నియు నీ యుబ్బుటయందును, ముడుచుటయందును ఇమిడియున్నవి.

పాఠకులు గునపమును బారను గొని వేసవిలో తమ రేగడి చేనిలో నిలువెత్తు గోయి నొకదానిని త్రవ్వింతురు గాక. అన్నిటికంటె బైన రెండు మూడు అంగుళముల మేర పలుకులు పలుకులుగ రాలు పొడిమట్టి కానవచ్చును. ఎండకు దానంతట దానే పొడియగు నీ పొర క్రింది తడిని గాపాడు దుప్పటి. దాని క్రింద, నాగటి చాలు లోతువఱకు, పెద్ద గడ్డలుగ విఱుగు మట్టి యుండును. ఆ చాలు అడుగున ట్రాక్టరు చక్రముల బరువుచేతను, తడినేలను దున్నుటచేతను అణగి గట్టిపడిన పొర యొకటి పెక్కు చేలలో నేర్పడుచున్నది. దాని క్రింద రెండడుగుల లోతువఱకు నల్లని బిగువైన మట్టి. వేసవిలో దీనిని జీల్చుకొని నెఱ్ఱెలు దిగును. కొన్ని చోట్ల నవి మూడడుగులకు మించి పోవుట కలదు. అప్పుడు పైనున్న పొడిమట్టి యీ నెఱ్ఱెలలో బడును. వానలకు నేల యుబ్బినప్పుడు క్రింద జేరిన మట్టికి జోటు చాలక పొరలు నొండొంటిని నెట్టుకొని జారును. రెండడుగుల క్రిందనుండి నాలుగైదడుగుల వఱకు బల్లపరుపుగ గాక వాలుగ నుండి, అద్దమువలె మెఱుగుదేలిన మట్టి పలకలు కనబడుట యీ ఒరపిడి ఫలమే. ఇంకను దిగిన కొలది నలుపు తఱిగి గోధుమవన్నె యగును. సున్నపు గడ్డలు హెచ్చును. తుదకు సుద్దయో, మురమో, రాయియో తగులును.

ఈ కడపటి పొర యెంత లోతున దగులునో యదియే పొలము స్వభావమును నిర్ణయించును. ఒకటిన్నర అడుగుకే మురము తగులు చేలలో నీరు సులభముగ దిగిపోవును. అచట ముంపు భయము తక్కువ, బెట్ట భయ మెక్కువ. ఐదారడుగుల లోతు రేగడిలో నీటి నిలువ విశేషము. వానకాలాంతమున నేల పూర్తిగ నానినచో పైరు వేళ్లు తీసికొనదగిన నీరు రెండువందల మిల్లీమీటర్లకు మించి యుండగలదు. శనగయు జొన్నయు నొక్క వానయైన లేకయే మంచు కాలమున బండుట యీ నిలువవలననే. అయితే యీ సద్గుణమే వానకాలమున దోషమై పరిణమించుచున్నది.

ఏలయన, ఎండిన రేగడి తొలకరివానను నెఱ్ఱెలద్వారా గ్రోలును. పటాన్‌చెరువు పరిశోధన క్షేత్రమున గొలిచి చూడగా, ఎండిన నేల మొదటి యరగంటలో గంటకు సుమారు 76 మిల్లీమీటర్ల చొప్పున నీటిని బీల్చినది. నేల పూర్తిగ దడిసి నెఱ్ఱెలు మూసికొనిపోయిన యనంతరము ఆ వేగము గంటకు 0.2 మిల్లీమీటరునకు దిగినది. అనగా దినమునకు ఐదు మిల్లీమీటర్లు. మఖ, పుబ్బ కార్తెలలో నొక్క రాత్రి యేబది మిల్లీమీటర్ల వాన గుఱిసినచో, నది నేలలోనికి దిగుటకు బదిదినములు వలసియుండును. ఈలోపల మఱియొక వాన రాకుండునా? దిగలేని నీరు వాలుగలచోట మట్టిని గొనిపోవును. వాలు లేనిచోట నిలుచును.

నిలిచిన నీరు పైరున కేల హాని? వేరు గూడ నూపిరి పీల్చునను సంగతిని మనము తఱచు మఱతుము. మట్టి పలుకుల నడుమనుండు గాలియే వేరునకు బ్రాణము. ఆ సందులను నీరు నింపినప్పుడు ప్రాణవాయువు చొచ్చు వేగము గాలిలోకంటె సుమారు పదివేల రెట్లు తగ్గును. మూడు నాలుగు దినములలో కంది వేళ్లు కుళ్లుట కారంభించును. లేత మొక్కజొన్న పసుపుబాఱును. ప్రత్తి ఎదుగక నిలిచిపోవును. ఇంతియ గాదు, గాలి లేని నేలలో కొన్ని సూక్ష్మజీవులు నత్రజనిని వాయువుగ మార్చి యాకాశమునకు బంపివేయును. రైతు అప్పుచేసి కొన్న యెరువులో గొంత యీ విధముగ నెగిరిపోవుచున్నది. పచ్చదనము తగ్గెనని యాతడు మఱియొక బస్తా చల్లును. లోపము బస్తాలో లేదు, మురుగులో నున్నది.

ఈ చిక్కు నెఱిగినవారు గనుకనే మన పూర్వులు లోతు రేగళ్లలో వానకాలపు పంటను మాని, చేనిని గుంటకతోలి యుంచి, హస్త, చిత్త కార్తెలు మొదలుకొని జొన్న, శనగ, ధనియములు వేయుచుండిరి. దీనిని సోమరితనమని యెంచుట అన్యాయము. తడి రేగడిలో నాగలి సాగదు, ఎడ్ల కాళ్లు దిగబడును, కలుపు తీయు నదను దొరకదు. ఎండినచో నది రాయి, తడిసినచో బంక, నడుమనుండు పదును రెండు మూడు దినములు మాత్రమే. ఇట్టి స్థితిలో వారు చేసినది వివేకమే. కాని యా వివేకమునకు వెల యున్నది. నాలుగు మాసములు వట్టిగ బడియున్న చేనిపై వాన నేరుగ గొట్టును. వాననీటిలో పెద్దభాగము పాఱిపోయియు, ఆవిరియైపోయియు వ్యర్థమగును. ఆ పాఱునీటితో పైమట్టి పోవును. పంట పోయిన మఱుసటి యేట మరల బండును; మట్టి పోయిన మనుమల కాలమునకును రాదు.

1972లో పటాన్‌చెరువున నెలకొల్పబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధన సంస్థవారు 1976 మొదలుకొని లోతు రేగడిలో పెక్కు సంవత్సరములు సాగించిన ప్రయోగ మీ సందర్భమున మిక్కిలి గమనింపదగినది. వారు చేనిని సమముగ నుంచక, 150 సెంటీమీటర్ల కొకటి చొప్పున వెడల్పు మడులును, వాని నడుమ చాళ్లును దీసిరి. చాళ్లకు నూఱు మీటర్లకు నలువది మొదలు ఎనుబది సెంటీమీటర్ల వఱకు మాత్రమే వాలు నిచ్చిరి. నీరు పరుగెత్తరాదు, నిలువరాదు, నడువవలెను. చాళ్లనుండి గడ్డి మొలపించిన కాలువలకును, అందుండి చెఱువునకును నీటిని మరల్చిరి. తొలకరికి ముందే పొడినేలలో విత్తి, జొన్నతోగాని మొక్కజొన్నతోగాని కందిని గలిపి పండించిరి. అనేక సంవత్సరముల సగటున హెక్టారునకు ఏటికి సుమారు ఐదు టన్నుల గింజ వచ్చినది. ప్రక్కనే పాతపద్ధతిని వానకాలమున బీడుంచిన చేనిలో వచ్చినది సుమారొక టన్ను. కొట్టుకొనిపోయిన మట్టి పాతపద్ధతిలో హెక్టారునకు ఆఱు టన్నులకు మించియుండగా, క్రొత్తపద్ధతిలో ఒకటిన్నర టన్ను మాత్రమే. ఈ హెచ్చుపంట యంతయు చాళ్ల ప్రభావమే యని మేము చెప్పము. మేలు విత్తనము, తగిన యెరువు, రెండవపంట యిందులో గలవు. కాని మురుగు పోని చేనిలో విత్తనమును యెరువును ఫలింపవను మాట మాత్రము నిర్వివాదము.

ఈ పద్ధతి యెల్లచోట్ల జెల్లునని భ్రమపడరాదు. ఏటికి 750 మిల్లీమీటర్లకు మించి నిలకడగ వాన గుఱియు లోతు రేగళ్లకే యిది యుద్దేశింపబడినది. తొలకరి నమ్మరాని రాయలసీమ భాగములందు పొడినేలలో విత్తుట జూదమగును. అచట చాళ్లు నీటిని బంపివేయుటకంటె నాపుటకు నుపయోగింపవలసి యుండును. పొలమును బట్టి ఉపాయమేగాని, ఉపాయమును బట్టి పొలము గాదు.

గట్ల విషయమునను నిట్టి పొరపాటే జరిగినది. మట్టి కోతను నివారింపవలెనని గత శతాబ్దమున దక్కనులో సమతల రేఖల ననుసరించి గట్లు వేయించిరి. ఎఱ్ఱనేలలకును, లోతులేని నేలలకును అవి మేలుచేసినవి. లోతు రేగడిలో మాత్రము గట్టు నెగువన నీరు దినముల తరబడి నిలిచి పైరును ముంచినది. వేసవిలో గట్టే నెఱ్ఱెవిచ్చి, తొలివానకు గండిపడి, చిన్న కోతను పెద్ద వంకగ మార్చినది. రేగడికి వలసినది అడ్డుగోడ గాదు. స్వల్పపు వాలుతో నీటిని దారికి బెట్టు గట్టు. ఈ భేదమును తెలియుటకు గోయి త్రవ్వి చూచిన జాలియుండెడిది.

ఇంత తెలిసియు మన చేలలో నీ మార్పు విరివిగ నేల వ్యాపింపలేదని పాఠకులు ప్రశ్నింపవచ్చును. మొదటి కారణము, నీరు సర్వేనంబరు నెఱుగకుండుట. ఎగువరైతు చాలు దీసినచో నా నీరు దిగువరైతు చేనిలో బడును. వంక వఱకు దారి యందఱును గలిసి యిచ్చిననేగాని యెవ్వరికిని మేలులేదు. గ్రామములందు గట్టు తగవులలో సగము నిజముగ మురుగు తగవులే. రెండవ కారణము, పాత వంకలను, నీటిదారులను దున్నివేయుటయు, తూములు చాలని రోడ్లు వేయుటయు, పట్టణముల చెంత నివేశనస్థలములకై పూడ్చివేయుటయు. మూడవది కౌలు. ఒక యేటి మాటపై చేను చేయు కౌలుదారుడు పదియేండ్ల కుపకరించు కాలువను త్రవ్వునా? 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమునను, తిరిగి 2019లో ఆంధ్రప్రదేశమునను సాగుదారుల మేలుకొఱకు చట్టములు చేయబడినవి. 2019 నాటి చట్టము ననుసరించిన యొప్పందము పదునొకండు మాసములకే. అది ఋణమునకు నుపకరింపవచ్చును గాని నేలకు జాలదు. భూమిని బాగుచేయు భారము భూస్వామిదే యని మేము స్పష్టముగ జెప్పుచున్నాము.

2015లో కేంద్రప్రభుత్వ మారంభించిన భూసార పత్రముల పథకమును గూర్చి యొకమాట. పండ్రెండు గుణములను బరీక్షించి రైతునకు పత్రము నిచ్చుట మెచ్చదగినదే. కాని పరీక్షకు దీయు మట్టి పై అఱడుగులోనిది. అడుగున బిగిసిన పొరయున్నదా, సుద్ద యెంత లోతున నున్నది, వాన వెలిసిన యెన్నాళ్లకు నీరు దిగును అను ప్రశ్నలకు నందు సమాధానము లేదు. వైద్యుడు నాలుక జూచి కడుపునొప్పికి మందిచ్చినట్లుగ నున్నది. ప్రతి గ్రామమునందును ఎగువ, నడుమ, దిగువ చేలలో మూడు గోతులు త్రవ్వించి, వ్యవసాయాధికారి సమక్షమున రైతులకు జూపినచో వ్యయ మత్యల్పము, ప్రయోజన మనల్పము.

భూస్వాములకు మా విన్నప మింతియే. ఈ వేసవిలో మీ చేనిలో నొక గోయి త్రవ్వించి పొరలను జూడుడు. వానలలో నొకసారి స్వయముగ పొలమునకు బోయి నీరెచట నిలుచుచున్నదో, ఎటు పోజూచుచున్నదో గనుడు. అడుగుమట్టిలో సోడియము హెచ్చియున్నదను సందేహము గలిగినచో పరీక్షింపించి, యవసరమైననే జిప్సము వేయుడు. తడినేలపై ట్రాక్టరును దింపకుడు. ఎగువ దిగువవారితో గూర్చుండి వంక వఱకు దారి నిర్ణయించుకొనుడు. కౌలుదారునకు రెండు మూడేండ్ల నిశ్చయ మిచ్చి కాలువ వ్యయమును మీరు భరింపుడు. రేగడి పేద నేల గాదు. దానికి వలసినది యధికజలమునకు దారియు, అదనున సేద్యమును. దారి చూపని యేడు అదే నీరు పంటను ముంచి మట్టిని గొనిపోవును. దారి చూపిన యేడు అదే నీరు మంచు కాలమున గింజయై యింటికి వచ్చును.