తల్లి కంచము, బిడ్డ గుండె

హృద్రోగము సంపన్నుల సొత్తనియు, నెయ్యి మీగడలు భుజించుచు దేహశ్రమ యెరుగనివారికే యది సంప్రాప్తించుననియు మనలో పెక్కుమంది తలంచుచుందురు. ఆకలికిని గుండెజబ్బునకును సంబంధమేమి యని యడుగువారును కలరు. ఆ సంబంధమును తెలుపు పరిశోధన యొకటి దూరదేశమున గాక మన హైదరాబాదుననే, అడిక్‌మెట్ పరిసరములనుండియే జరిగినది. దానిని పాఠకమహాశయులకు నివేదించుట మా విధియని భావించుచున్నాము.

అడిక్‌మెట్‌నందలి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు చేరువను, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో నీలగిరులయందలి కూనూరున మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని శోధించుటకు ప్రారంభించిన కృషియే దీనికి మూలము. 1958లో ఈ సంస్థ హైదరాబాదునకు తరలివచ్చెను. 1969లో నేటి నామమును ధరించెను. అన్నపు లేమివలన కలుగు వ్యాధుల నరయుటకై పుట్టిన సంస్థయే రక్తనాళముల స్థితిని గూడ పరీక్షింపవలసివచ్చుటకు కారణము కలదు.

1989లో డేవిడ్ బార్కర్ అను ఆంగ్ల వైద్యపండితుడును ఆయన సహచరులును ఒక విషయమును ప్రకటించిరి. హర్ట్‌ఫర్డ్‌షైర్ మండలమున పుట్టిన పురుషుల జననకాలపు తూకములను, వారి మరణకారణములతో పోల్చిచూడగా, తక్కువ బరువుతో పుట్టినవారియందు హృద్రోగమరణములు హెచ్చుగా కానవచ్చినవి. గర్భస్థశిశువునకు ఆహారము చాలనప్పుడు దేహము మెదడును కాపాడుకొని తక్కిన యవయవములకు పొదుపు చేయుననియు, ఆ పొదుపు నష్టము పెద్దతనమున బయటపడుననియు వారి వాదము. ఇది నిజమైనచో తల్లులకు అన్నము పెట్టుటయే బిడ్డల గుండెలను కాపాడుట కావలెను. పరీక్షించుట యెట్లు?

ఆ యవకాశము మనకు లభించెను. 1987 మొదలు 1990 వరకు హైదరాబాదు సమీపమునగల 29 గ్రామములలో ఈ సంస్థవారు ఒక పరిశీలన నెరపిరి. వానిలో 15 గ్రామములయందు సమగ్ర శిశు అభివృద్ధి పథకము అప్పటికే అమలులో నుండెను. తక్కిన 14 గ్రామములకు అదింకను రాలేదు. పథకమున్న గ్రామములలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్లలోపు పిల్లలకు ప్రతిదినము ఉప్మా పెట్టిరి. అది తల్లులకు సుమారు 500 కేలరీలను, పిల్లలకు సుమారు 300 కేలరీలను సమకూర్చెను. ఇంతకుమించిన భోగమేమియు లేదు.

2003 మొదలు 2005 వరకు, ఆనాటి బిడ్డలు పదమూడు మొదలు పదునెనిమిదేండ్ల ప్రాయమున నుండగా, వారిలో 1165 మందిని మరల పరీక్షించిరి. ఫలితములు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నలున వెలువడినవి. ఉప్మా దొరకిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. వారి దేహములు ఇన్సులినును మెరుగుగా వినియోగించుకొనుచుండెను. ముఖ్యముగా వారి ధమనులు తక్కువ బిరుసుగా నుండెను. మెత్తని ధమని గుండె కొట్టుకొనినప్పుడు సాగి యొత్తిడిని తనలో నిముడ్చుకొనును. బిరుసైన ధమని ఆ భారమును గుండెపైననే వేయును. రక్తపుపోటునందును క్రొవ్వులయందును గట్టి భేదము కానరాలేదని పరిశోధకులే చెప్పియున్నారు. గ్రామములను చీట్లు వేసి యెన్నుకొనలేదు గావున సందేహమునకు కొంత తావు కలదు. అయినను ఈ సాక్ష్యమును త్రోసిపుచ్చుట వివేకము కాదు.

ఇదంతయు వంశానుగతమే, నుదుటివ్రాతయే యనువారికి ఒక మాట. తార్నాక పొరుగుననున్న హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునకు చెందిన కుమారసామి తంగరాజ్ ప్రభృతులు 2009లో, గుండె కండరమునకు సంబంధించిన యొక జన్యువున 25 అక్షరముల లోపమును గూర్చి ప్రకటించిరి. మన యుపఖండమున నూటికి సుమారు నలుగురియందు ఇది కలదు. వారికి గుండె కండరము బలహీనపడు ప్రమాదము హెచ్చు. వంశమును మనము మార్చలేము. కాని గర్భిణి కంచమును మార్చగలము గదా!

పొలముగల మహాశయులను మేమొకటి యడుగుచున్నాము. మీ నాట్లకును కలుపులకును వచ్చు నిండుచూలాండ్రు మధ్యాహ్నమున నేమి తినుచున్నారో మీరెన్నడైనను విచారించితిరా? పట్టణవాసులారా, ఇంటిల్లిపాది భుజించిన పిదప మిగిలినదే యిల్లాలికి దక్కు నాచారము మీ గృహములలో నశించినదా? 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము ప్రతి గర్భిణికిని, ప్రసవానంతరము ఆరుమాసములవరకు ప్రతి బాలింతకును అంగన్‌వాడీద్వారా ఉచితభోజనమును హక్కుగా నొసంగినది. అది దయాధర్మము కాదు. మీ గ్రామమున ఆ పొయ్యి ప్రతిదినము వెలుగుచున్నదా, గిన్నెలో పడవలసినది పడుచున్నదా యని పోయి చూడుడు. లేనిచో అధికారులను నిలదీయుడు.

హృద్రోగమునకు నేడు గొప్ప శస్త్రచికిత్సలు కలవు. అవి యవసరమే. కాని లక్షలు వెచ్చించి బిరుసెక్కిన నాళములను బాగుచేయించుకొను జాతి, అవి మెత్తగా నుండుటకు తోడ్పడు గుప్పెడు రవ్వకు లెక్కలు చూచుట సిగ్గుచేటు. స్వరాజ్యమనగా ప్రతి తల్లి కంచము నిండుట యని మేమెంచుచున్నాము.