పంట సొమ్ము చేతికందిన వేళ



పంట చేలో ఉన్నంతకాలం అడవిపందుల నుండి, పిట్టల నుండి కాపాడుటకు రేయింబవళ్ళు మంచె మీద కావలి కాస్తారు. అదే పంట అమ్మిన సొమ్మును బీరువాలో ఉంచి, తాళంచెవిని దేవుని పటం వెనుక దాచి, ఇంటిల్లిపాదీ పెళ్ళికి తరలిపోతారు. ఆ చోటు దొంగకు తెలియనిది కాదు.

నా సేవా ప్రాంతంలో మిరప అమ్మిన ఒక కుటుంబం ఇలాగే రెండు రోజులు ఊరు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి రొక్కంతో పాటు కూతురి పెళ్ళికని కూడబెట్టిన నగలు కూడా పోయాయి. వాటి తూకమెంతో పోలీసులకు చెప్పలేకపోయారు. రశీదులు సైతం ఆ బీరువాలోనే ఉండేవి.

గట్టి తాళం, గడియ, వీధి దీపం అవసరమే. అవి దొంగను ఆలస్యపరచగలవు గాని పూర్తిగా ఆపలేవు. కనుక ఇంట్లో పోగొట్టుకోదగినది తగ్గించుకోవడమే ప్రధాన రక్షణ.

సొమ్మును ఖాతాలో జమ చేయండి. ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క డిపాజిటుదారుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు బీమా ఉన్నది. నగలను లాకరులో ఉంచండి. 2022 జనవరి 1 నుండి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, బ్యాంకులో చోరీ జరిగితే లాకరు వార్షిక అద్దెకు 100 రెట్ల మేరకు బ్యాంకు బాధ్యత వహిస్తుంది. లాకరులో ఏమున్నదో బ్యాంకు నమోదు చేయదు. కాబట్టి నగల తూకం, ఫోటోలు, రశీదుల నకళ్ళు దగ్గరి బంధువు వద్ద ఉంచండి. నామినీ పేరు తప్పక వ్రాయించండి.

ఊరు వెళ్ళేముందు నమ్మకమైన పొరుగువారికి చెప్పండి. తాళం పగిలి కనిపిస్తే లోపలికి వెళ్ళవద్దు, వస్తువులు తాకవద్దు. 112కు ఫోను చేయండి.

ఈసారి మార్కెట్ యార్డు నుండి ఇంటికి వెళ్ళేముందు ఒక్కసారి మీ బ్యాంకు శాఖకు రండి.