ఔరంగాబాద్ వెళ్తే ఖుల్దాబాద్‌లో ఆగండి

ఔరంగాబాద్ టూర్ అంటే చాలా కుటుంబాలు బీబీ కా మఖ్బరా దగ్గర ఫొటోలు దిగి, ఎల్లోరా గుహలు చూసి వచ్చేస్తాయి. ఎల్లోరా దారిలోనే ఉన్న ఖుల్దాబాద్‌లో మాత్రం బండి ఆపరు. కానీ మన తెలుగు నేల చరిత్రతో గట్టి సంబంధం ఉన్నది ఆ చిన్న ఊరికే. గోల్కొండ చివరి సుల్తాన్ తానీషా, ఆయన్ను ఓడించిన ఔరంగజేబ్, ఆ తర్వాత దక్కన్‌ను ఏలిన మొదటి నిజాం.. ముగ్గురి సమాధులూ అక్కడే ఉన్నాయి.

నగరంలో..

మాలిక్ అంబర్ 1610లో ఖిర్కీ పేరుతో కట్టించిన ఊరే ఔరంగాబాద్. ఇప్పుడు అధికారిక పేరు ఛత్రపతి శంభాజీనగర్. ఔరంగజేబ్ భార్య దిల్రస్ బానూ బేగం 1657లో చనిపోయారు. కొడుకు ఆజం షా తల్లి జ్ఞాపకంగా కట్టించిందే బీబీ కా మఖ్బరా. చూడ్డానికి తాజ్‌మహల్‌లా ఉంటుంది. దీనికి దగ్గర్లోనే బాబా షా ముసాఫిర్ దర్గా, పన్‌చక్కీ ఉన్నాయి. దూరపు ఊట నుంచి మట్టి గొట్టాల ద్వారా నీళ్లు తెచ్చి, ఆ నీటి వేగంతో తిరగలి తిప్పి, ఫకీర్లకు, బాటసారులకు పిండి ఆడించేవారు.

దౌలతాబాద్ కోట

నగరానికి సుమారు 15 కిలోమీటర్లు. యాదవ రాజుల దేవగిరి ఇదే. ముహమ్మద్ బిన్ తుగ్లక్ 1327లో రాజధానిని ఢిల్లీ నుంచి ఇక్కడికే మార్చాడు. కోటలో చీనీ మహల్ తప్పక చూడాలి. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ పడిపోయింది. భద్రాచల రామదాసు కథ ద్వారా తెలుగువాళ్లందరికీ తెలిసిన ఆ తానీషాను, అంటే అబుల్ హసన్ కుతుబ్ షాను, తెచ్చి బంధించింది ఇక్కడే. సుమారు 12 ఏళ్లు ఖైదులోనే గడిపి కన్నుమూశారు. మళ్లీ గోల్కొండ చూడలేదు.

ఖుల్దాబాద్

ఇక్కడికి మరో పది కిలోమీటర్లు. దీని పాత పేరు రౌజా. నిజాముద్దీన్ ఔలియా శిష్యులు బుర్హానుద్దీన్ గరీబ్ దర్గా ఉన్న ఊరు. ఆ దర్గా ఆవరణలోనే మొదటి నిజాం ఆసఫ్ జా, ఆయన కొడుకు నాసిర్ జంగ్ మజార్లు ఉన్నాయి. ఎదురుగా జైనుద్దీన్ షిరాజీ దర్గా. 1707లో చనిపోయిన ఔరంగజేబ్‌ను ఆ వాకిట్లో ఖననం చేశారు. పైన గుంబజ్ లేదు, సమాధి మీద మట్టి, ఆకాశం కింద అంతే. చుట్టూ కనిపించే పాలరాతి జాలీ తర్వాతి కాలంలో పెట్టింది. తల్లికి అంత పెద్ద మఖ్బరా కట్టించిన ఆజం షా కూడా ఇదే ఆవరణలో ఉన్నాడు.

తానీషా సమాధి కూడా ఈ ఊళ్లోనే. అడిగితే గానీ కనిపించదు. గెలిచినవాడికీ ఓడినవాడికీ చివరికి మిగిలింది ఒకే ఊరి మట్టి. పిల్లలకు ఈ మాట అక్కడే నిలబడి చెబితే, పుస్తకంలో చదివినదానికంటే బాగా గుర్తుంటుంది.

వెళ్లేవాళ్లకు..

హైదరాబాద్ నుంచి సాయంత్రం బయలుదేరే అజంతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి ఔరంగాబాద్‌లో దిగొచ్చు. దౌలతాబాద్‌లో మెట్లు ఎక్కువ కాబట్టి పొద్దున్నే ఎక్కండి, నీళ్లు వెంట ఉంచుకోండి. పెద్దవాళ్లుంటే కింది భాగం చూపిస్తే చాలు. ఎల్లోరా గుహలకు మంగళవారం సెలవు. దర్గాల్లో తల కప్పుకోండి, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. ఫాతిహా చదివేటప్పుడు తానీషాను మరిచిపోకండి.