పగిలిన నాబును పారవేయనేల?

తెనాలినుండి వేమూరు, భట్టిప్రోలుల మీదుగా రేపల్లెకు పోవునప్పుడుగాని, బాపట్లనుండి సూర్యలంక సముద్రతీరమునకు పోవునప్పుడుగాని, రోహిణీ కార్తె మిట్టమధ్యాహ్నమున కారు నడుపువారికి ఎ.సి. ఎంత ఆవశ్యకమో వేరుగా చెప్పనక్కరలేదు. అట్టి వేళ గాలిని హెచ్చింపగోరి డ్యాష్‌బోర్డు నడుమనున్న నాబును త్రిప్పగా, అది ఏ పట్టును లేక వ్రేళ్ళ నడుమ గిరగిర తిరిగి, లోపలి ఫ్యాను మాత్రము మునుపటి వేగమునందే నిలిచియుండిన యెడల, ఎ.సి. యంతయు పాడైనదని తలంచి బెంబేలుపడువారే పెక్కుమంది. నిజమునకు కంప్రెసరును, ఫ్యానును, గ్యాసును నిక్షేపముగా ఉండును. చెడినది నాబు వెనుక దాగియున్న, వ్రేలి కణుపంత పొడవైన లేని, ఒక ప్లాస్టిక్కు గొట్టము. విరిగినది గోరంత, ఖర్చు చూడబోయిన కొండంత.

విడిభాగముల దుకాణమునకు పోయి నాబొక్కటి ఇమ్మని అడిగినచో, “నాబ్ ఒక్కటే రాదండీ, ప్యానెల్ సెట్టు మొత్తం తీసుకోవాలి, అది కూడా ఆర్డరు పెడితేనే వస్తుంది” అను సమాధానము తరచుగా వినవచ్చును. ఇందు దుకాణదారుని దోషమేమియు లేదు. వస్తువును ఏ రూపమున తయారుచేసి పంపిన ఆ రూపముననే అతడు అమ్మవలసియున్నది. వస్తువును కొన్నవానికి దానిని బాగుచేసికొను హక్కు ఉండవలెనను వాదము ప్రపంచమంతట బలపడుచున్న ఈ కాలమున, మన కేంద్రప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో నిధి ఖరే అధ్యక్షతన ఒక సంఘమును నియమించి, వ్యవసాయ పరికరములు, మొబైలు ఫోనులు, గృహోపకరణములతోపాటు మోటారు వాహనములను గూడ దాని పరిధిలో చేర్చినది. ఆ ఏడే డిసెంబరు 24న అందుకై ఒక పోర్టలును సైతము ప్రారంభించినది. హక్కు మాట అట్లుండ, విద్య మన చేత ఉండవలెను గదా! నా అభిప్రాయమున, ఈ నాబును బాగుచేయు విద్య తెనాలి బజారులో దొరకు సామాన్య వస్తువులతో ఎవ్వరైనను సాధింపగలది. కాని ముందుగా అది ఏల పగిలెనో తెలియవలెను. కారణము తెలియక జిగురు పూసినవాని నాబు మరుసటి వేసవికి మరల పగులును.

మన తాతలనాటి వాల్వు రేడియో నాబును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 1907లో లియో బేక్లాండు కనిపెట్టిన బేకలైటుతో చేయబడిన ఆ నాబునకు ప్రక్కన చిన్న రంధ్రమును, అందులో ఒక మరయు ఉండెడివి. ఆ మరను బిగించినచో నాబు లోపలి షాఫ్టును గట్టిగా పట్టుకొనెడిది, సడలించినచో సులువుగా ఊడివచ్చెడిది. నేటి కారు నాబులందు సామాన్యముగా అట్టి మర యుండదు. దాని గొట్టమును షాఫ్టుకన్న వెంట్రుకవాసి ఇరుకుగా చేసి, కొన్నిటియందు లోపల ఒక ఉక్కు క్లిప్పును సైతము పెట్టి, కేవలము నెట్టి బిగింతురు. షాఫ్టు పూర్తిగా గుండ్రముగా ఉండక, ఒకవైపు చదునుగా చెక్కబడి అర్ధచంద్రాకారమున ఉండుటయో, లేక చుట్టును సన్నని పళ్ళు కలిగియుండుటయో సాధారణము. ఆ చదునే, ఆ పళ్ళే మన చేతి త్రిప్పును లోపలికి అందించును.

ఇందులోనే విపత్తు దాగియున్నది. ఇరుకుగా నెట్టబడిన గొట్టము, కారు ఫ్యాక్టరీనుండి వెలువడిన దినమునుండియు, రేయింబవళ్ళు లోపలినుండి వెలుపలికి సాగదీయబడుచునే యుండును. ఎవ్వరును త్రిప్పకున్నను దాని గోడలపై ఈ తన్యత తప్పదు. ఈ నాబులకు విరివిగా వాడబడు ఎ.బి.ఎస్. అను ప్లాస్టిక్కు మెత్తబడుటకు సుమారు 105 డిగ్రీల సెల్సియస్ వేడి కావలెను గావున, ఎండలో అద్దములు మూసి నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటినను అది కరగిపోదు. కాని అంత వేడిలో, అంత సాగుదలలో, ఏండ్ల తరబడి ఉండుటవలన అది అగపడని సన్నని బీటలు వారును. తీరప్రాంతమునకు మరియొక బాధ అదనము: సూర్యలంక, నిజాంపట్నముల ఉప్పుగాలి ఉక్కు క్లిప్పుకు తుప్పు పట్టించును, తుప్పుపట్టిన లోహము ఉబ్బును, ఉబ్బినది గొట్టమును మరింత చీల్చును. ఇక గాలి వచ్చు జాలీలకు తగిలించు పరిమళపు సీసాల విషయము చాలమంది ఎరుగరు. అందలి సుగంధ తైలములు ఎ.బి.ఎస్.పై చిందినచో, ముందే సాగదీయబడియున్న చోట బీటను త్వరితగతిని పెంచును. ఇన్ని దినములు లోలోపల జరిగిన పని తెలియక, కడపట త్రిప్పిన పిల్లవానిని కోపించుట అన్యాయము.

నాబును తీయుటలో తొందర పనికిరాదు. కారును ఆపి, తాళపుచెవి తీసి, మెత్తని గుడ్డతో నాబును పట్టుకొని తిన్నగా మన వైపునకు లాగవలెను; ప్రక్కలకు ఊపినచో లోపలి షాఫ్టే విరుగవచ్చును. అది రానియెడల, దర్జీ దుకాణమున దొరకు నాడాను నాబు అంచుక్రింద చుట్టుగా దూర్చి, రెండు కొసలను కలిపి సమముగా లాగిన చాలును. స్క్రూడ్రైవరుతో ఎత్తబూనిన యెడల ప్యానెలుపై చెరగని మచ్చ పడును. రాలిన తునకను, క్లిప్పును వెదకి భద్రపరచుట మరువరాదు. క్లిప్పు పెక్కుసార్లు షాఫ్టుపైననే అంటియుండును.

నాబు చేతికి వచ్చిన పిమ్మట, దానిని చూచుటకు ముందు, ప్యానెలులో మిగిలిన షాఫ్టును పరీక్షింపవలెను. ఇది అన్నిటికన్న ముఖ్యమైన విషయమైనను పెక్కుమంది విడిచిపెట్టునది. పకారు నోటికి గుడ్డచుట్టి షాఫ్టును మెల్లగా త్రిప్పిచూడుడు. ఫ్యాను వేగమును మార్చు నాబైనచో దాని వెనుక నుండునది సామాన్యముగా విద్యుత్ స్విచ్చు. అది టకటకమని ఒక్కొక్క మెట్టు తిరుగును. చల్లని గాలిని, వేడి గాలిని కలుపు నాబు వెనుక మాత్రము అనేక కారులలో ఒక ఉక్కుతీగ కేబులు ఉండి, డ్యాష్‌బోర్డు లోపల ఎక్కడనో ఉన్న చిన్న తలుపును తెరచి మూయుచుండును. సైకిలు బ్రేకు తీగయు ఈ జాతిదే. ఆ తీగ బిగిసినను, ఆ తలుపు దుమ్ముతోగాని ఎండుటాకులతోగాని అడ్డుపడినను, త్రిప్పుటకు హెచ్చు బలము కావలసివచ్చి, ఆ బలమంతయు గొట్టముపై పడును. షాఫ్టు పకారుకే మొండికేసినచో దోషము నాబుది కాదు. మొదట మెకానిక్కుచేత కేబులును సరిచేయింపక నాబును ఎంత గట్టిగా అతికించినను వ్యర్థము.

షాఫ్టు సులువుగా తిరిగినచో ఇక మన పని నాబుతోనే. దానిని తిరగవేసి చూచినచో లోపల ఎక్కడనో సన్నని అక్షరములతో ప్లాస్టిక్కు జాతి ముద్రింపబడియుండుట కలదు. ఎ.బి.ఎస్. అనియున్న యెడల అదృష్టమే, ఏలయన అది జిగురును చక్కగా గ్రహించును. పి.పి. అనగా పాలీప్రొపిలీను, పి.ఒ.ఎం. అనగా పాలీఎసిటాలు, ఈ రెండును మామూలు జిగురులకు లొంగవు గనుక వాటికి క్రింద చెప్పబోవు చుట్టుకట్టే శరణ్యము. చాలమంది చేయి మొదట పోవునది ఫెవిక్విక్ వైపునకు. 1942లో హ్యారీ కూవరు అను అమెరికా శాస్త్రజ్ఞునికి తన పరిశోధనలలో తారసిల్లిన ఈ సయనోయాక్రిలేటు జాతి జిగురు క్షణములో అతుకునుగాని, ఆరిన పిదప పెళుసై, మెలిత్రిప్పుడుకు తాళలేదు. పైగా దాని ఆవిరి నల్లని నాబుపై తెల్లని పొరవలె పేరుకొని అందమంతయు చెరచును. రెండు గొట్టములలో వచ్చు అరాల్డైటు వంటి ఎపాక్సీయే ఇచట తగినది. అందులోను అయిదు నిమిషములలో గట్టిపడు రకముకన్న, ఒక దినము తీసికొను నిదానపు రకము ఎండవేడికి మెరుగుగా నిలుచును.

పగులు రెండు అంచులను స్పిరిటుతో తుడిచి, గొట్టము వెలుపలి తలమును ఉప్పుకాగితముతో కొంచెము గరుకు చేసి, రెజినును హార్డెనరును సమభాగములుగా బాగుగా కలిపి, అగ్గిపుల్ల కొనతో పగులులోనికి చేర్చి అదిమిపట్టవలెను. ఇంతటితో విడిచినచో సగము పనియే అయినట్లు. లోపలినుండి వెలుపలికి త్రోయు బలమును ఆపవలసినది వెలుపలి కట్టు. మన పల్లెలలో ఎద్దుబండి చక్రమునకు ఇనుప పట్టాను కాల్చి తొడిగి నీళ్ళు చల్లగా, అది చల్లబడి కుదించుకొని, చెక్క ముక్కలన్నిటిని ఒక్కటిగా బిగించునట్లు, ఈ గొట్టమునకును చుట్టును ఒక కట్టు ఉండవలెను. మన ప్రాంతమున మోటారు రివైండింగు దుకాణము లేని ఊరు అరుదు. అచట దొరకు సన్నని రాగితీగనైనను, ఇంటిలోని గట్టి నూలు దారమునైనను తీసికొని, వరుస తప్పక చుట్టును బిగువుగా చుట్టి, పైన పలుచగా ఎపాక్సీ పూసిన యెడల గొట్టము మునుపటికన్న దృఢమగును. రేపల్లె, నిజాంపట్నముల వలల నైలాను దారము బలమైనదే యైనను, సాగు గుణము కలదగుటచేతను, జిగురును సరిగా పీల్చుకొనకపోవుటచేతను, ఈ పనికి నూలే మేలు. కట్టు మరీ మందమైనచో నాబు ప్యానెలు రంధ్రములో దూరదు గావున, ముందే ఆ ఎడమును కొలిచి చూచుకొనవలెను.

జిగురు ఆరునంతవరకు గొట్టపు రంధ్రము సరియైన కొలతలో నిలుచుటకు లోపల ఏదైన పెట్టవలెను. షాఫ్టు వ్యాసమునకు సరిపోవు డ్రిల్లు బిట్టు కాడకు వేసలీను పూసి దూర్చుట సులభోపాయము. అర్ధచంద్రాకారపు షాఫ్టైనచో చదును వైపునకు తగినట్లు సన్నని రేకుముక్కను ప్రక్కన చేర్చవలెను. నాబును కారులోని షాఫ్టుకే తొడిగి, అచటనే జిగురు పోయుట మాత్రము ఎన్నడును చేయరాదు. జిగురు జారి స్విచ్చులోనికి దిగినచో, గోరంతది నిజముగానే కొండంత యగును. నాబు షాఫ్టుకు శాశ్వతముగా అతికినచో రేపు ప్యానెలు విప్పవలసినప్పుడు సర్వమును పగులగొట్టవలసివచ్చును.

గొట్టము నుగ్గునుగ్గై అతికించుటకే మిగలని నాబుల సంగతి వేరు. తెనాలికి విజయవాడ దూరము కాదు. అచటి ఆటోనగరులో పాత కార్లను విప్పి అమ్ము దుకాణములలో అదే మోడలు నాబు ఒంటరిగా దొరకవచ్చును. పనికిమాలినదని పారవేసిన ఇనుము విలువ తెనాలివారికి ఒకరు చెప్పనక్కరలేదు: ఆ ఊరి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర మోటారు వాహనముల గొలుసులు, పళ్ళచక్రములు, నట్లు, బోల్టులను కూర్చి 14 అడుగుల నరేంద్ర మోదీ విగ్రహమును 2021లో నిర్మించి దేశము దృష్టి నాకర్షించిరి. పాత నాబును దొరకనియెడల, బాపట్లవంటి ఇంజనీరింగు కళాశాలలున్న పట్టణమున త్రీడీ ముద్రణ తెలిసిన విద్యార్థులుందురు. వారిచేత నాబు ముద్రింపించుకొనువారు ఒక విషయము గుర్తుంచుకొనవలెను. ఆ యంత్రములలో విరివిగా వాడు పి.ఎల్.ఎ. అను పదార్థము సుమారు 60 డిగ్రీలకే మెత్తబడును గావున, మన ఎండలో నిలిపిన కారులో అట్టి నాబు వంకరపోవును. ఎ.బి.ఎస్.తో ముద్రింపుమని ముందే చెప్పవలెను.

ఈ స్వయంకృషికి ఒక హద్దు కలదు. గాలి, చలువ, రేడియోల నాబులను ఇంటిలో బాగుచేయవచ్చునుగాని, గేరు కడ్డీ నాబును, హెడ్‌లైటు స్విచ్చును, స్టీరింగును అంటియుండు మీటలను ముట్టరాదు. స్టీరింగు నడుమను, డ్యాష్‌బోర్డు ఎడమవైపునను ఎయిర్‌బ్యాగులు ఉండునని, అచట ప్యానెలును పెకలించుట ప్రాణాపాయకరమని మరువరాదు.

ఒక దినము గడచి జిగురు పూర్తిగా గట్టిపడిన పిమ్మట, తుప్పుపట్టిన క్లిప్పును శుభ్రపరచి, మరీ బిగువుగా ఉన్నచో దాని రెక్కలను కొంచెము సడలించి, షాఫ్టు చదునుకు గొట్టపు చదునును సరిచూచి నాబును నెమ్మదిగా నెట్టవలెను. అంచు ప్యానెలును రాపాడకుండ సన్నని సందు విడువవలెను. ఆ రాపిడియే మరల బరువై గొట్టముపై పడును. సున్నమొదలు చివరి మెట్టువరకు ఒక్కొక్కటిగా త్రిప్పి, గాలి ప్రతి మెట్టునను హెచ్చుచున్నదని చూచుకొని, పరిమళపు సీసాను జాలీనుండి తీసి వేరొక చోట పెట్టి బయలుదేరవచ్చును.